పురుగు ఎందుకు ఆగింది?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సైన్సు ప్రసంగానికి అక్షర రూపం. వక్త జంతుశాస్త్రం చెప్పి రిటైరైన అధ్యాపకులు. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు వచ్చి కూర్చోండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను చప్పుడుకి నా మాట వినబడకపోతే చెయ్యెత్తండి, మొహమాటం వద్దు.

తెర మీద చూడండి. ఆ బూడిద రంగు మైదానం అగార్ అనే జెల్లీ పోసిన ప్లేటు. ఎడంపక్క నుంచి మెలికలు తిరుగుతూ వస్తున్నదే మన కథానాయిక. నాయికే అనాలి, ఎందుకంటే ఈ జాతిలో మగవి వెయ్యికి ఒకటో రెండో. మిగతావన్నీ తమ గుడ్లని తామే ఫలదీకరించుకునే ఉభయలింగ జీవులు. పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగెన్స్. అంత పేరు పలుకుతూ కూర్చుంటే టైము చాలదు, ఈ పూటకి "పురుగు" అనేద్దాం. పొడవు ఒక మిల్లీమీటరు. మీరు చూస్తున్నది మైక్రోస్కోపు కింద తీసిన వీడియో.

కుడిపక్కన కాస్త మసకగా మచ్చ కనిపిస్తోందా? అది బాక్టీరియా పొర. దాని తిండి అదే. ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. వస్తోంది, వస్తోంది... ముక్కు అంచుకి తగిలింది. ఇదిగో, జోరు తగ్గింది. ఇంకో రెండు మెలికలు. దాదాపు ఆగిపోయింది.

ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా దీని గురించే. అది ఎందుకు ఆగింది?

"తిండి దొరికింది కదండీ" అంటున్నాడు ముందు వరసలో బాబు. బాగుంది. మరి తిండి దొరికిందని దానికెలా తెలిసింది? దానికి కళ్లు లేవు. తెలిశాక ఆగమని ఒంటికి ఎవరు చెప్పారు? ఇది ఇందాకే కడుపునిండా తిన్న పురుగా, పస్తున్న పురుగా? ఈ మూడో ప్రశ్న అనవసరం అనిపించొచ్చు. అసలు తిరకాసు అక్కడే ఉంది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1963లో కేంబ్రిడ్జిలో సిడ్నీ బ్రెన్నర్ అనే శాస్త్రవేత్త, తన ల్యాబుకి పెద్దయిన మాక్స్ పెరూట్జ్‌కి ఉత్తరం రాశాడు. అణుజీవశాస్త్రంలో పాత చిక్కుముళ్లు దాదాపు విడిపోయాయి, ఇక పిండం ఎలా ఎదుగుతుంది, నాడీమండలం ఎలా పనిచేస్తుంది అన్నవాటి మీద పడాలి అని దాని సారాంశం. అందుకు వీలైనంత చిన్న జంతువు కావాలి. ఈ పురుగు దొరికింది. ఒళ్లంతా పారదర్శకం, బతికుండగానే లోపల ఏం జరుగుతోందో చూడొచ్చు. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్ల మూడు రోజుల్లో తను గుడ్లు పెట్టే స్థితికొస్తుంది. ఫ్రీజరులో పెట్టి ఏళ్ల తర్వాత తీసినా లేచి కదులుతుంది. వేడే దానికి పడదు. ఇరవై డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది, ఇరవై ఏడుకి చేరితే సంతానం ఆగిపోతుంది. మన మే నెలలో కరెంటు పోయి ఇంక్యుబేటరు ఆగిందంటే ఆ వారం పని గోవిందా.

దీని ఒంట్లో మొత్తం 959 కణాలు. బీజకణాలు ఈ లెక్కలో లేవు. అందులో నాడీకణాలు 302. మనకి దాదాపు 8,600 కోట్లు. 302 అంటే పేరుపేరునా పిలవొచ్చు, నిజంగానే ప్రతిదానికీ పేరుంది. జాన్ వైట్, ఆయన తోటివాళ్లు పురుగుని పలచటి పొరలుగా కోసి, ఒక్కో పొరనీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఫొటో తీసి, ఏ నాడీకణం దేనితో కలుస్తోందో చేత్తో గీసుకుంటూ పోయారు. 1986లో ఆ మ్యాపు అచ్చయింది. ఒక జంతువు నాడీమండలం మొత్తానికి మ్యాపు రావడం అదే మొదలు.

ఇక అంతా అయిపోయినట్టే, వైరింగు తెలిసింది కాబట్టి ప్రవర్తనా తెలిసిపోతుందని చాలామంది ఆశపడ్డారు. తెలియలేదు. మ్యాపు అబద్ధం కాదు, అందులో సగమే ఉంది.

సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు గుర్తుచేసుకోండి. ఆషాఢ పున్నమికి ముందు రోజు సాయంత్రం తొలిపావంచా దగ్గర మొదలై హనుమంతవాక, అప్పుఘర్, సీతమ్మధార, ఎన్ఏడీ మీదుగా ముప్ఫై రెండు కిలోమీటర్లు జనం నడుస్తారు. ఆ రోజు ఊరి మ్యాపు మారదు, ఒక్క రోడ్డూ కొత్తగా పడదు. కానీ బస్సులు ఎటు తిరుగుతున్నాయో, ఏ జంక్షన్‌లో ఎటు వదులుతున్నారో, మీరు ఇంటికి ఏ దారిన చేరాలో అంతా వేరు. మ్యాపు ఎంత చూసినా ఆ సంగతి దొరకదు. పురుగు తలలో ఆ మళ్లింపులు చేసేవి రసాయనాలు. డోపమైన్, సెరటోనిన్, టైరమైన్, ఆక్టోపమైన్, ఇంకా పెప్టైడ్లనే చిన్న ప్రోటీను ముక్కలు. వీటిలో చాలావరకు పక్క కణంతో ఆగవు. కణాల మధ్య ద్రవంలో వ్యాపించి, మ్యాపులో ఏ సంబంధమూ లేని దూరపు కణాన్ని కూడా పట్టుకుంటాయి.

ఇప్పుడు మన పురుగు దగ్గరికి.

దానికి డోపమైన్ తయారుచేసే కణాలు ఎనిమిదే. తలలో నాలుగు, మెడ దగ్గర రెండు, వెనకభాగంలో రెండు. వాటి కొసలు చర్మం కిందే ఉంటాయి. ఎంఐటీలో రాబర్ట్ హార్విట్జ్ ల్యాబులో చేసిన ప్రయోగం 2000లో వచ్చింది. బాగా తిన్న పురుగుని బాక్టీరియా మీదికి వదిలారు, నడక తగ్గింది. జన్యువులో మార్పు వల్ల డోపమైన్ తయారుకాని పురుగుని, అంటే మ్యూటెంట్‌ని వదిలారు, తగ్గలేదు, తిండి మీద నుంచే దూసుకుపోయింది. సరే, డోపమైన్ తిండి రుచి చెబుతోంది కాబోలనుకుంటాం కదా. అక్కడ వాళ్లు తిండి తీసేసి, సెఫడెక్స్ అనే సన్నటి పూసలు పరిచారు. వాటిలో రుచీ లేదు, వాసనా లేదు, తినడానికీ లేదు. ఆ పూసల మీద కూడా పురుగు నెమ్మదించింది! డోపమైన్ కణాలు పట్టించుకున్నది తిండిని కాదు, ఒంటికి తగిలిన గరుకుదనాన్ని.

ఇప్పుడు మూడో ప్రశ్న. అదే పురుగుని అరగంట తిండి లేకుండా ఉంచి వదిలితే? ఇంకా గట్టిగా ఆగుతుంది, అతుక్కుపోతుంది. ఈ రెండోరకం ఆగడానికి డోపమైన్ అక్కర్లేదు. డోపమైన్ లేని మ్యూటెంట్ కూడా ఆకలిగా ఉంటే ఆగుతుంది. సెరటోనిన్ లేనిదైతే సరిగా ఆగదు. బయటినుంచి చూసేవాడికి రెండూ ఒకటే, పురుగు తిండి దగ్గర ఆగింది, అంతే. లోపల ఒకసారి ఒక రసాయనం, ఇంకోసారి ఇంకో రసాయనం. ఏది పనిచేయాలో తేల్చింది అరగంట కిందటి చరిత్ర. అదే ల్యాబులో ఆకలిగా ఉన్న పురుగులకి ఫ్లూఆక్సెటిన్ ఇచ్చి చూశారు. మానసిక కుంగుబాటుకి డాక్టర్లు మనకి రాసే మందే. పురుగులు మరీ ఎక్కువగా ఆగిపోయాయి.

సెరటోనిన్ సంగతి అంతకు చాలా ముందే, 1982లోనే కొంత తెలుసు. ప్లేటులో సెరటోనిన్ కలిపితే పురుగు నడక మానేస్తుంది, గొంతు టకటకా కొట్టుకుని తిండి లాగడం మొదలుపెడుతుంది, గుడ్లు పెట్టేస్తుంది. ఆక్టోపమైన్ కలిపితే సరిగ్గా తిరగబడుతుంది, గొంతు మందగిస్తుంది, గుడ్లు ఆగిపోతాయి. ఒకటి "ఇక్కడ బాగుంది, కాపురం పెట్టు" అంటుంటే రెండోది "ఇక్కడేం లేదు, పద" అంటున్నట్టు. ఈ ఆక్టోపమైన్ వెన్నెముక లేని జీవుల్లో, మనకి నోరాడ్రినలిన్ చేసే పనిలో చాలాభాగం చేస్తుంది.

వీళ్లు ఒకరి మాట ఒకరు వింటారా? వింటారు. 2009లో బయటపడింది ఇది, నాకు చాలా ఇష్టమైన పని. తిండి ఉన్నంతసేపూ డోపమైన్ వస్తూ ఉంటుంది, అది ఆక్టోపమైన్ వదిలే కణాల నోరు నొక్కిపెడుతుంది. తిండి పోయింది, డోపమైన్ తగ్గింది, ఆ నొక్కు వదిలింది, ఆక్టోపమైన్ బయటికొచ్చింది. అంటే ఆకలి కబురు చెప్పడానికి ప్రత్యేకంగా ఎవరూ గంట కొట్టడం లేదు. కొట్టకుండా ఆపుతున్నవాడు పక్కకి తప్పుకున్నాడు. ఇంకో తమాషా, డోపమైన్‌కీ ఆక్టోపమైన్‌కీ ముడిసరుకు ఒకటే, టైరోసిన్ అనే అమైనో ఆమ్లం.

తిండి మీద ఉన్న పురుగుని గంటసేపు చూస్తూ కూర్చుంటే రెండు తీరులు కనిపిస్తాయి. కొన్ని నిమిషాలు ఒకేచోట తచ్చాడుతుంది. ఉన్నట్టుండి లేచి ప్లేటంతా తిరుగుతుంది. మళ్లీ కూలబడుతుంది. ప్లేటులో మార్పేమీ లేదు, ఎవరూ ముట్టుకోలేదు. 2013లో స్టీవెన్ ఫ్లావెల్, కోరీ బార్గ్‌మన్ వాళ్లు దీని లోపలి సంగతి తేల్చారు. కూర్చోబెట్టేది సెరటోనిన్. తిప్పేది పీడీఎఫ్ అనే పెప్టైడ్. రెండూ ఎదురెదురు పనిచేస్తాయి. ఒకదాని పట్టు సాగినంతసేపు పురుగు ఆ తీరులోనే ఉంటుంది, అందుకే క్షణక్షణానికీ ఊగకుండా నిమిషాల తరబడి ఒక నిర్ణయం మీద నిలబడుతుంది. ఈ సెరటోనిన్‌లో ఎక్కువ వంతు గొంతులో ఉన్న ఎన్ఎస్ఎం అనే రెండు కణాలది. ఆ కణాల కొసలు గొంతు లోపలికి చేరి, లోపలికి దిగుతున్న బాక్టీరియాని నేరుగా పసిగడతాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సెరటోనిన్ అంటే ఇది, డోపమైన్ అంటే అది అని అర్థాలు రాసుకోకండి. ఈ పురుగులో సెరటోనిన్‌ని పట్టుకునే గ్రాహకాలు ఇప్పటికి తెలిసినవి ఆరు. వాటిలో మాడ్-1 అనేది తెరుచుకుంటే క్లోరైడు లోపలికి వచ్చి కణం చల్లబడుతుంది. ఎల్‌జీసీ-50 తెరుచుకుంటే కణం రేగుతుంది. రెండింటికీ తగిలేది అదే సెరటోనిన్. ఏ కణం మీద ఏ గ్రాహకం ఉందన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. పంపేవాడికంటే అందుకునేవాడి మాటే చెల్లుతుంది.

దీన్ని కళ్లకి కట్టేది టైరమైన్ కథ. మీరే ల్యాబులో ఉన్నారనుకోండి. కనుబొమ వెంట్రుక ఒకటి పీకి, టూత్‌పిక్ చివర జిగురుతో అంటించండి. నవ్వకండి, ఈ రంగంలో ఇప్పటికీ వాడే పనిముట్టు అదే. దానికంటే మెత్తగా తగిలేది ఇంకోటి దొరకదు. మైక్రోస్కోపులో చూస్తూ, ముందుకు పోతున్న పురుగు తల వెనక ఆ వెంట్రుకతో అడ్డంగా ఒక్కసారి రాయండి. మామూలుగా అది నడిచేటప్పుడు తల అటూ ఇటూ ఆడిస్తూ వెతుక్కుంటూ పోతుంది. వెంట్రుక తగలగానే తల ఆడించడం ఠక్కున ఆగుతుంది. సరసరా వెనక్కి పోతుంది. కొంత దూరం వెళ్లాక ముక్కు తోకకి ఆనేంతగా ఒళ్లు వంచి, వచ్చిన దిక్కుకి తిరిగి పారిపోతుంది.

ఈ వరస మొత్తానికి టైరమైన్ కావాలి. వదిలేది ఆర్ఐఎం అనే జత కణాలు. మెడ కండరాల మీదా, ముందుకు నడిపించే కణాల మీదా ఎల్‌జీసీ-55 అనే క్లోరైడు చానల్, అంటే క్లోరైడుని లోపలికి వదిలే తలుపులాంటి గ్రాహకం ఉంది. టైరమైన్ తగలగానే తెరుచుకుని, తల ఊపునీ ముందు నడకనీ ఆపేస్తుంది. ఇది వెంటనే జరిగే పని. అదే టైరమైన్‌ని, గాబా అనే రసాయనం వదిలే కణాల మీద సెర్-2 అనే ఇంకో గ్రాహకం పట్టుకుంటుంది, నిదానంగా. పురుగు లోతుగా వంగి మలుపు తిరగడానికి సాయం చేసేది అదే. ఒకే రసాయనం, వేగంగా పనిచేసే గ్రాహకం ఒకటి, నిదానమైనది ఇంకొకటి. ముందు ఆగడం, తర్వాత తిరగడం అనే వరస అలా కుదిరింది.

తల ఆపడం ఎందుకంత ముఖ్యం? మట్టిలో కొన్ని రకాల బూజులు పురుగుల్ని వేటాడతాయి. తమ పోగులతో ఉంగరం లాంటి ఉచ్చులు కట్టి ఉంచుతాయి. పురుగు తల దూర్చి ఉచ్చు గోడకి తగిలితే, ఆ ఉంగరం కణాలు ఉబ్బి బిగుసుకుపోతాయి. ఉచ్చు బిగిసేలోపు తల కదపకుండా వెనక్కి జారుకున్నది బతికింది. టైరమైన్ లేని మ్యూటెంట్లు, తల ఆపలేనివి, ఎక్కువగా దొరికిపోయాయని 2011లో చూపించారు. ల్యాబులో కనుబొమ వెంట్రుకతో చూసిన సంగతికి మట్టిలో అంత విలువుంది.

ఈ పారిపోవడం ఉచితంగా రాదు. మాటిమాటికీ బెదరగొట్టిన పురుగుకి వేడిలాంటి ఇబ్బందుల్ని తట్టుకునే శక్తి తగ్గుతుందని 2019లో నేచర్ పత్రికలో వచ్చింది. నాడీకణాలు వదిలిన టైరమైన్ పేగు దాకా చేరి, అక్కడి రక్షణ ఏర్పాట్లని తగ్గించేస్తోంది.

మన ఊళ్లో చెప్పుకోవలసిన విషయం ఇంకోటి, ఈత. ఈ పురుగు అగార్ మీద పాకుతుంది, నీళ్లలో వేస్తే ఈదుతుంది. పాకేటప్పుడు నిదానంగా పెద్ద మెలికలు, ఈదేటప్పుడు అంతకు మూడు నాలుగు రెట్ల వేగంతో కొట్టుకోవడం. పాకడం నుంచి ఈతకి మారడానికి సెరటోనిన్ కావాలి, నీళ్లలోంచి బయటికొచ్చి మళ్లీ పాకడానికి డోపమైన్ కావాలి అని 2011లో తేలింది. ఇంకో ల్యాబు ఏం చూసిందంటే, వదిలిన డోపమైన్‌ని వెనక్కి లాక్కునే ప్రోటీను లేని పురుగుని నీళ్లలో వేస్తే కాసేపు కొట్టుకుని కట్టెలా బిగుసుకుపోతుంది. గట్టు మీద ఉన్నంతసేపు దానికి లోపం ఉన్నట్టే పెద్దగా తెలియదు.

నేర్చుకోవడం గురించి చెప్పి ముగిస్తాను, తర్వాత ప్రశ్నలు. సూడోమోనాస్ ఎరుజినోసా అనే బాక్టీరియా ఉంది. ఆసుపత్రుల్లో రోగుల పుళ్లలో చేరి ఇబ్బంది పెట్టేది ఇదే. మొదటిసారి చూసిన పురుగు దాని వాసనకి ఆశపడి వెళ్తుంది, తింటుంది, జబ్బు పడుతుంది. నాలుగు గంటలు దానితో గడిపాక ఆ వాసన వస్తే పక్కకి తప్పుకుంటుంది. 302 కణాల జీవి పాఠం నేర్చుకుంది! 2005లో యున్ జాంగ్, బార్గ్‌మన్ వాళ్లు చూపించింది ఏమిటంటే, జబ్బు పడ్డ పురుగులో ఏడీఎఫ్ అనే రుచి వాసనల కణాల్లో సెరటోనిన్ పెరుగుతుంది. సెరటోనిన్ తయారుచేయలేనిది ఈ పాఠం నేర్చుకోలేదు. ఇందాక "ఇక్కడే కూర్చో" అన్నదీ సెరటోనినే, ఇప్పుడు "ఇంకెప్పుడూ దీని జోలికి పోకు" అంటున్నదీ అదే. గొంతు కణంలోంచి వస్తే ఒక సంగతి, ఏడీఎఫ్ కణంలోంచి వస్తే ఇంకో సంగతి.

ఇక మీరడగండి.

*కాలేజీ విద్యార్థిని:* సార్, డోపమైన్ డిటాక్స్ అని రీల్స్‌లో చెప్తారు కదా. వారం రోజులు ఫోను మానేస్తే డోపమైన్ సెట్ అయిపోతుందని. నిజమేనా?

ఫోను తగ్గించుకోమ్మా, కళ్లకి మంచిది, పరీక్షలకీ మంచిది. (నవ్వులు) కానీ ఒంట్లోంచి డోపమైన్ కడిగేసుకోవడం అనేది లేదు, కడిగేసుకుంటే నిలబడలేం. పార్కిన్సన్స్ జబ్బులో జరిగేది అదే కదా, ఆ రసాయనం తయారుచేసే కణాలు చచ్చిపోయి మనిషి కదలడానికే కష్టపడతాడు. ఎనిమిది డోపమైన్ కణాలున్న పురుగులోనే అది గరుకుదనం చెబుతుంది, ఆక్టోపమైన్‌ని ఆపుతుంది, ఈత నుంచి పాకడానికి మారుస్తుంది. ఒక్క మీటరు పెట్టి ముల్లు పైకీ కిందికీ తిప్పినట్టు మాట్లాడేవాళ్లని నమ్మకండి.

*సభలో ఒక పెద్దాయన:* మాస్టారూ, స్కూళ్లలో పిల్లలకి నులిపురుగుల మాత్ర వేస్తున్నారు. దానికీ దీనికీ ఏమైనా చుట్టరికం ఉందా?

మంచి ప్రశ్న అడిగారండీ. ఏలికపాములు, కొంకిపురుగులు, బోదకాలు తెచ్చే ఫైలేరియా, ఇవన్నీ మన పురుగు పెద్ద కుటుంబంలోవే, నెమటోడ్లు. బడిలో వేసే ఆల్బెండజోల్ మాత్రం నాడీ రసాయనాల మీద కాదు, కణం లోపలి పోగుల మీద పనిచేస్తుంది. లెవమిసోల్ అనే పాత మందు ఉంది, అది అసిటైల్‌కోలిన్ అనే నాడీ రసాయనాన్ని అందుకునే గ్రాహకాన్ని పట్టి తెరిచి ఉంచేస్తుంది, కండరాలు బిగుసుకుపోయి పురుగు కదల్లేదు. ఐవర్‌మెక్టిన్ అనే ఇంకో మందు, గ్లూటమేట్ అనే నాడీ రసాయనంతో తెరుచుకునే క్లోరైడు చానళ్ల మీద పడుతుంది. అలాంటివి మనుషుల్లో లేవు, అందుకే మందు పురుగుకి తగిలినంతగా మనకి తగలదు. ఈ గ్రాహకాల సంగతులు చాలావరకు మన ఎలిగెన్స్ మ్యూటెంట్ల వల్లే తెలిశాయి. బోదకాలు అంటే మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వాళ్లకి చెప్పక్కర్లేదు. దానికి వాడే డైఇథైల్‌కార్బమజైన్ 1940లలో అమెరికాలో లెడర్లే ల్యాబులో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం చేతుల మీదుగా వచ్చింది. ఆ పేరు మన పిల్లలకి నేర్పకపోవడం నాకెప్పుడూ కోపమే.

*హైస్కూలు విద్యార్థి:* సార్, అన్ని పురుగులూ ఒకేలా ఉంటాయా? మనుషుల్లాగా ఒక్కోటి ఒక్కోలా ఉండదా?

ఉంటుంది నాన్నా. ప్రపంచంలో ల్యాబులన్నీ వాడేది ఇంగ్లండులో బ్రిస్టల్ దగ్గర దొరికిన వంశం. అవి తిండి మీద ఎవరికి వారు విడివిడిగా తింటాయి. హవాయిలో దొరికినవి గుంపుగా, పొర అంచున ఒకదాన్ని ఒకటి పెనవేసుకుని తింటాయి. ఒంటరితనానికీ గుంపుతనానికీ తేడా 1998లో ఒక్క జన్యువులో దొరికింది, ఎన్‌పీఆర్-1. పెప్టైడ్లని అందుకునే గ్రాహకం అది. ఆ ప్రోటీను గొలుసులో 215వ స్థానంలో ఒంటరివాటికి వాలీన్, గుంపువాటికి ఫినైలాలనీన్. ఒక్క అమైనో ఆమ్లం! అందరూ ఒంటరితనమే మామూలు, గుంపు కట్టడం తేడా అనుకున్నారు. పదేళ్లు దాటాక తేలిందేమిటంటే, బయట మట్టిలో దొరికేవన్నీ గుంపు రకమే. ఆ వాలీన్ ల్యాబు ప్లేట్లలో తరాలు గడుస్తుంటే పుట్టి, అక్కడి జీవితానికి సరిపోయి, నిలిచిపోయింది. ఇప్పుడు జాగ్రత్తపరులు ఏ ఫలితం వచ్చినా హవాయి పురుగులో కూడా ఒకసారి సరిచూసుకుంటున్నారు. బయట మైక్రోస్కోపు పెట్టించాను, రెండు రకాల వీడియోలూ ఉన్నాయి. వరసగా వచ్చి చూడండి, పెద్దవాళ్లని ముందు పంపించండి.